మిగిలిన విత్తనం వంటింటికి చేరకుండా చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో ఇరవై రెండేళ్లుగా విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్నాను. తెలుగు, ఒడియా, సవర మాట్లాడే రైతులు అందరూ మా దుకాణానికి వస్తారు. నాట్లు ముగిసి, పత్తి, మొక్కజొన్న చేలలో మొదటి కలుపు తీస్తున్న ఈ రోజుల్లో మా వంటి వ్యాపారులకు పని తగ్గుతుంది. కాని పురుగు, తెగులు మందులు పట్టించిన విత్తనం వల్ల మనుషులకు, కోళ్లకు, పశువులకు జరిగే హాని సరిగ్గా ఈ రోజుల్లోనే మొదలవుతుంది. విత్తగా మిగిలిన గింజలు, ఖాళీ అయిన సంచులు ఇప్పుడు ఇళ్లలో ఉన్నాయి. వాటి సంగతి ప్రభుత్వం గానీ, విత్తన కంపెనీలు గానీ, మా వంటి అమ్మకందార్లు గానీ పట్టించుకోవడం లేదన్న బాధతో మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

మూడేళ్ల కిందట శ్రావణ మాసంలో ఒక సవర ఇల్లాలు చచ్చిన కోడిపెట్టను గంపలో పెట్టుకొని కొండ దిగి మా దుకాణానికి వచ్చింది. ఆ ఉదయం ఆమె ఇంట అలాంటివి నాలుగు చచ్చాయట. "బాబూ, దీన్ని కూర వండుకోవచ్చా, పారెయ్యాలా?" అన్నదే ఆమె అడిగిన ప్రశ్న. కోడి మెడ కింద గింజలు నిలిచే సంచిని బ్లేడుతో కోసి చూశాను. లోపల పదిహేను ఇరవై మొక్కజొన్న గింజలున్నాయి. అవి తడికి ఉబ్బి కొంత రంగు వదిలినా గులాబీ చాయ ఇంకా పోలేదు. పది రోజుల కిందట నేను అమ్మిన విత్తనమే అది. విత్తగా మిగిలిన రెండు గుప్పెళ్లను ఆమె అత్తగారు పెరట్లో కోళ్లకు చల్లింది. ప్యాకెట్ మీద తినరాదన్న హెచ్చరిక ఇంగ్లీషులో, ఆవగింజంత అక్షరాల్లో ఉంది. ఆ ఇంట ఇంగ్లీషు చదవగలిగినవారు ఒక్కరూ లేరు. అమ్మేటప్పుడు ఆ మాట నేను నోటితోనైనా చెప్పలేదు. కోడిని కూర వండవద్దని, కుక్కలకు కూడా వేయకుండా లోతుగా పాతిపెట్టమని చెప్పి పంపించాను. ఆ రోజు నుంచి ఈ విషయం నా మనసులోంచి పోలేదు.

ఆ అత్తగారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. మా ప్రాంతపు ఇళ్లలో విత్తనం వేరు, తిండి వేరు అన్న భేదం మొన్న మొన్నటి వరకు లేదు. కళ్లంలో మంచి వెన్నులు ఏరి, గింజ రాల్చి, ఎండబెట్టి, బూడిదో వేపాకో వావిలాకో కలిపి కుండలో పోసి, మూతికి పేడ మెత్తి దాచేవారు. కందులకు ఎర్రమట్టి పట్టించేవారు. అదను వచ్చినప్పుడు కుండ దించి విత్తేవారు. మిగిలింది కడుక్కొని వండుకునేవారు, లేదా కోళ్లకు, దూడలకు పెట్టేవారు. పాత ధాన్యం అడుగంటి కొత్త పంట ఇంకా చేతికి రాని ఆషాఢ శ్రావణాల్లో ఆ మిగులు గింజే కొన్ని పూటలు గడిపేది. ఎన్నో తరాలు అలా తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. విత్తనం మిగిలితే అన్నం అవుతుందన్నది ఈ ఇళ్లలో పుట్టుకతో వచ్చిన తెలివి. ప్యాకెట్లో వచ్చే రంగు గింజకు ఆ తెలివి చెల్లదని ఇల్లు నడిపే ఆడవాళ్లకు విడమరిచి చెప్పిన వారు ఎవరూ లేరు.

విత్తనశుద్ధికి, అంటే విత్తే ముందు గింజకు మందు పట్టించడానికి, నేను వ్యతిరేకిని కాను. మొలక దశలో గింజను, వేరును కుళ్లబెట్టే తెగుళ్ల నుంచి థైరమ్, కాప్టాన్, కార్బాక్సిన్, మెటలాక్సిల్ వంటి మందులు కాపాడతాయి. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ పట్టించిన పత్తి గింజ మొలిచిన తరువాత మొదటి కొన్ని వారాల పాటు రసం పీల్చే పురుగులను తట్టుకుంటుంది. అందువల్ల రైతు వీపు మీద మందు ట్యాంకు మోసే రోజులు కొన్ని తగ్గుతాయి. ఎకరమంతా పిచికారీ చేసే మందుతో పోలిస్తే గింజకు పట్టించే మందు చాలా తక్కువ. అయితే ఆ కొద్ది మందూ గింజ మీదనే చిక్కగా ఉంటుంది. మట్టిలో పడితే అది మొక్కకు రక్ష. పెరట్లో పడితే కోడికి, పిచ్చుకకు ఒక్క ముద్దలో అందే మోతాదు అవుతుంది. ఇమిడాక్లోప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్ మందు పట్టించిన మొక్కజొన్న గింజ ఒక్కటే చిన్న పక్షిని చంపడానికి చాలునని అమెరికాలోని పక్షి సంరక్షణ సంస్థ ఒకటి 2013లో వెలువరించిన నివేదిక చెప్పింది. ఐరోపా సమాఖ్య 2018లో ఈ జాతి మందులు మూడింటిని ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. తేనెటీగల కోసం తీసుకున్న నిర్ణయం అది. మన దగ్గర వాటి వాడకం సాగుతూనే ఉంది కనుక, కనీసం గింజ మట్టి కింద ఉండేటట్లు, మట్టి పైన మిగలకుండా ఉండేటట్లు చూడవలసిన బాధ్యత మనది.

థైరమ్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాని హాని చాలా ఇళ్లలో కంటికి కనిపిస్తూనే ఉంటుంది గాని, ఎవరూ దాన్ని విత్తనంతో ముడిపెట్టి చూడరు. థైరమ్ కలిసిన గింజలు తిన్న కోళ్లు చావకపోయినా తోలుగుడ్లు పెడతాయి. ఎదిగే పిల్లల కాళ్ల ఎముకలు సరిగా పెరగక కుంటుతాయి. దిష్టి తగిలిందనో, రోగం వచ్చిందనో అనుకొని కోళ్లను కోసుకు తినే ఇళ్లు నాకు తెలుసు. మరొకటి ఇంకా ముఖ్యమైనది. మద్యం మానిపించడానికి వైద్యులు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రకూ థైరమ్‌కూ రసాయనపు పోలిక చాలా దగ్గరిది. శరీరంలో సారాయిని విరిచే పనికి రెండూ ఒకే విధంగా అడ్డుపడతాయి. అందువల్ల పగలంతా థైరమ్ పట్టించిన గింజలను వట్టి చేతులతో కలిపి, విత్తి, సాయంత్రం ఇప్పసారా గానీ జీలుగుకల్లు గానీ తాగిన మనిషికి ముఖం ఎర్రబారి, తల పగిలిపోతున్నట్లు నొప్పి పుట్టి, గుండె దడదడలాడి, వాంతులు కావచ్చు. మా ప్రాంతంలో విత్తనాల రోజున సాయంత్రం కూలీలకు కల్లు పోయించడం మర్యాద. అలా తాగి పడిపోయిన ఇద్దరు కూలీలను ఒకసారి నేనే ఆటోలో ఆసుపత్రికి చేర్చాను. కల్లు కల్తీ అయిందనే అందరూ అనుకున్నారు. వాళ్లు పగలు చేసిన పని గురించి వైద్యుడికి చెప్పిన వారు లేరు, అప్పటికి నాకూ ఈ సంగతి తెలియదు. తరువాత వ్యవసాయ శిక్షణ సంస్థ మేనేజ్ వారి ఏడాది డిప్లొమా తరగతుల్లో ఇది విన్నప్పుడు ఆ ఇద్దరి ముఖాలు గుర్తుకు వచ్చాయి.

ఇంట్లో చేసుకునే విత్తనశుద్ధి మరొక చిక్కు. కంపెనీ ప్యాకెట్‌లోని గింజకు రంగైనా ఉంటుంది. ఆ రంగు అలంకారానికి వేసింది కాదు, ఇది తినే గింజ కాదని కంటికి చెప్పడానికి వేసింది. రైతు ఇంటి దగ్గర మెట్ట నారుమడికి కిలో వరి విత్తనానికి 3 గ్రాముల కార్బెండజిమ్ పొడి కలిపినప్పుడు గానీ, వేరుశనగ గింజలకు మాంకోజెబ్ పట్టించినప్పుడు గానీ ఎర్రరంగు, నీలిరంగు ఏమీ పడదు. పొడి రాలిపోయాక ఆ వడ్లను మామూలు వడ్ల నుంచి వేరుచేసి గుర్తుపట్టడం ఇంటివాళ్లకే కష్టం. వేరుశనగ గింజలైతే పిల్లల చేతికి అందే ఎత్తులో చేటలో ఆరుతూ ఉంటాయి. ఈ పని మా ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్లదే. బియ్యం కొలిచే కుంచంతోనే విత్తనం కొలుస్తారు, బియ్యం చెరిగే చేటలోనే మందు కలుపుతారు, కలిపిన చేతిని కొంగుకు తుడుచుకొని పిల్లవాణ్ని ఎత్తుకుంటారు. ఆ చేట, ఆ కుంచం చెరువులో కడుగుతారు. థైరమ్, కాప్టాన్ రెండూ చేపలకు చాలా విషం. మందు కలపడానికి పనికిరాని పాత డ్రమ్మో, గోనెపట్టానో ఒకటి విడిగా ఉంచుకొని, చేతులకు తొడుగులు వేసుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని, గాలివాటు చూసుకొని ఆరుబయట చేస్తే ఇందులో సగం ప్రమాదం తప్పుతుంది. ఇందుకు ఖర్చు పెద్దగా లేదు, చెప్పేవారే కావాలి.

మిగిలిన వేరుశనగ గింజలను గానుగకు, పత్తి గింజలను పశువుల కుడితిలోకి పంపే అలవాటు కూడా ఉంది. నూనె తీస్తే మందు పిప్పిలోనే ఉండిపోతుందని మా వాళ్లు గట్టిగా నమ్ముతారు. మన విత్తన నియమావళిలోని హెచ్చరికలో తిండికి, దాణాకు, నూనెకు వాడరాదని మూడు మాటలూ కలిపి ఉన్నాయి. అంటే నూనె తీయడానికి కూడా ఆ గింజ పనికిరాదు. అలాగే రంగు పోయేదాకా కడిగితే మందు కూడా పోతుందన్నది మరొక నమ్మకం. రంగు వేరు, మందు వేరు. రంగు నీళ్లకు వదిలిపోయినా మందు గింజ పొట్టులో, చీలికల్లో నిలిచి ఉంటుంది. కొన్ని మందులు గింజ లోపలికే ఇంకుతాయి.

ఈ కడగడం వల్ల ఎంత ఘోరం జరిగిందో లోకం ఒకసారి చూసింది. 1971 చివరలో ఇరాక్ ప్రభుత్వం మెక్సికో, అమెరికాల నుంచి తెప్పించిన గోధుమ, బార్లీ విత్తనాన్ని పల్లెలకు పంచింది. దానికి మిథైల్ మెర్క్యురీ, అంటే పాదరసం మందు పట్టించారు. చాలా ఊళ్లకు ఆ సంచులు విత్తే అదను దాటిన తరువాత చేరాయి. సంచుల మీద హెచ్చరికలు స్పానిష్‌లో, ఇంగ్లీషులో ఉన్నాయి. అరబ్బీ, కుర్దు మాట్లాడే ఆ రైతులకు అవి అర్థం కాలేదు. ఎర్రరంగును కడిగేసి, ముందుగా కోళ్లకు, పశువులకు వేసి చూశారు. రోజులు గడిచినా వాటికి ఏమీ కాలేదు. దాంతో ధైర్యం వచ్చి పిండి పట్టించి రొట్టెలు చేసుకున్నారు. ఆ విషం వారాల తరబడి శరీరంలో పేరుకున్న తరువాత గాని బయటపడదు. వేళ్లు తిమ్మిరెక్కడం, నడక తడబడడం, చూపు, వినికిడి పోవడం మొదలయ్యేసరికి జరగవలసింది జరిగిపోయింది. ఆసుపత్రుల్లో చేరిన వారే 6,530 మంది, ఆసుపత్రుల్లో చనిపోయిన వారు 459 మంది. అంతకుముందు 1950ల చివరలో టర్కీలోనూ హెక్సాక్లోరోబెంజీన్ పట్టించిన విత్తన గోధుమలు తిని వేల మంది చర్మవ్యాధి పాలయ్యారు, చనుబాల ద్వారా పసిపిల్లలు చనిపోయారు. పాదరసం కలిసిన విత్తనశుద్ధి మందును మన దేశంలో 2018లో నిషేధించారు. ఈనాటి మందులు అంతటి ఘోరమైనవి కావు. కాని ఇరాక్ రైతు చేతికి ఆ సంచి ఎలా చేరిందో, దాని మీద చదవలేని భాష ఎలా ఉందో, రంగు కడగడం, కోడికి వేసి చూడడం ఎలా జరిగాయో చదువుతుంటే నాకు మా గుణుపురం సంతే కళ్ల ముందు కదులుతుంది.

ఇక చట్టం సంగతికి వస్తాను. 1968 విత్తన నియమాల ప్రకారం మందు పట్టించిన విత్తనం సంచి మీద ఆ విషయమూ, మందు పేరూ రాయాలి. ఆ మందు మనుషులకు, పశుపక్ష్యాదులకు హాని చేసేదైతే హెచ్చరిక ముద్రించాలి. మరీ తీవ్రమైన మందులైతే విషం అన్న మాట ఎర్ర అక్షరాల్లో ప్రముఖంగా ఉండాలి. పురుగుమందు సీసాకు ఇంతకన్నా కట్టుదిట్టం ఉంది. 1971 క్రిమిసంహారక మందుల నియమాల ప్రకారం ప్రతి ప్యాకింగ్‌లోనూ హిందీ, ఇంగ్లీషులతో పాటు, ఆ సరుకు అమ్ముడయ్యే ప్రాంతంలోని ఒకటి రెండు భాషల్లో ముద్రించిన కరపత్రం పెట్టాలి. అందులో విష లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు ఉండాలి. సీసా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విషం తీవ్రతను చెబుతాయి. తినే వస్తువులు అమ్మే భవనంలో పురుగుమందు నిల్వ చేయరాదు, అమ్మరాదు. నేను అడిగేది ఒక్కటే. సీసాలో ఉన్న ఇమిడాక్లోప్రిడ్‌కు స్థానిక భాషలో కరపత్రం కావలసి వచ్చినప్పుడు, అదే ఇమిడాక్లోప్రిడ్ పట్టించిన గింజ చదువు రాని ఇంటికి వెళ్లేటప్పుడు దానికి ఎందుకు అక్కరలేదు? సీసాను వంటింట్లో పెట్టరాదని అందరికీ తెలుసు, దాని వాసనే ఆ మాట చెబుతుంది. గింజకు ఆ వాసన కూడా ఉండదు. సంతల్లో మందు పట్టించిన కూరగాయ విత్తనాల ప్యాకెట్లు బిస్కెట్ల పక్కనే దండలుగా వేలాడుతున్నాయి.

విత్తనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి కేంద్రం 2023లో సాథీ పోర్టల్ ప్రారంభించింది. లేబుల్ మీద క్యూఆర్ కోడ్ వచ్చింది. నకిలీ విత్తనాన్ని పట్టుకోవడానికి అది మంచిదే, వ్యాపారిగా నేను దాన్ని స్వాగతిస్తున్నాను. అయితే పొయ్యి దగ్గర కూర్చున్న ముసలమ్మకు ఆ నల్ల గళ్లు ఏమి చెబుతాయి? సరిహద్దు దాటి బిల్లు లేకుండా వచ్చి మా ఊళ్లలో చేతులు మారే పత్తి విత్తనం మీద ఏ కోడూ ఉండదు, ఏ మందు పట్టించారో చెప్పే అక్షరమూ ఉండదు. దాన్ని తిని ఏ పశువైనా పడిపోతే పశువైద్యుడు దేనికి చికిత్స చేయాలి? బిల్లు తీసుకోమని నేను రైతులను బతిమాలేది నా వ్యాపారం కోసమే అనుకుంటారు గాని, ఇందుకోసం కూడా అడుగుతున్నాను.

సేంద్రియ విత్తనం గురించి కూడా ఒక మాట చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. మందు లేని విత్తనం కావాలని అడిగేవారు ఏడాదికేడాది పెరుగుతున్నారు. ఆ అడగడం న్యాయమైనది. మా పొరుగున ఉన్న కొరాపుట్ జిల్లా సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ సాగు పద్ధతిగా గుర్తించింది. ఆ జిల్లాకే చెందిన కమలా పూజారి అక్షరం ముక్క రాకపోయినా దేశవాళీ వరి రకాలను ఏళ్ల తరబడి కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్నారు. అటువంటి గింజలో మందు ఉండదు, మిగిలితే వండుకోవచ్చు. అయితే సేంద్రియం అన్న మాట చూడగానే దాన్ని నోట్లో వేసుకోవచ్చని అనుకోవడం తప్పు. సేంద్రియ ధ్రువీకరణ ఉన్న విత్తనం రసాయన మందు పట్టించనిదై ఉండాలి. అది తినడానికి పరీక్షించిన సరుకు అని మాత్రం ఆ ధ్రువపత్రం చెప్పదు. ఆముదం గింజ ఎంత సేంద్రియమైనా అందులో రిసిన్ అనే విషం పుట్టుకతోనే ఉంటుంది. అడవి ఆముదం గింజలు బాదం పప్పుల్లా ఉన్నాయని నమిలి వాంతులతో ఆసుపత్రి పాలయ్యే పిల్లలు మన పల్లెల్లో కొత్త కాదు. తడిసి బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, దానికి సేంద్రియమని, రసాయనమని తేడా లేదు. విత్తనం కోసం దాచి పుచ్చిపోయిన వేరుశనగను ఏరి పశువులకు వేయడం, బాగున్నవాటిలో కలిపి నూనె ఆడించడం మానుకోవాలి.

బీజామృతం విషయంలో నాకు ప్రత్యేకంగా భయం. 5 కిలోల పేడ, 5 లీటర్ల గోమూత్రం, 50 గ్రాముల సున్నం 20 లీటర్ల నీళ్లలో కలిపి విత్తనానికి పట్టించే ఈ పద్ధతి ప్రకృతి సేద్యంలో చాలా మంది చేస్తున్నారు. విత్తడానికి అది మంచిదే. కాని పచ్చి పేడలో మనిషికి విరేచనాలు పట్టించే సూక్ష్మజీవులు ఉండవచ్చు. పట్టించిన పెసలు, మెంతులు మిగిలాయని నానబెట్టి మొలకలు కట్టుకొని పచ్చిగా తింటే, మొలక కట్టే ఆ వెచ్చటి తడిలో సూక్ష్మజీవులు వేలకు వేలుగా పెరుగుతాయి. 2011లో జర్మనీలో ఒక సేంద్రియ క్షేత్రంలో మొలకెత్తించిన మెంతుల వల్ల ఈ.కోలై అనే సూక్ష్మజీవి సోకి యాభై మందికి పైగా చనిపోయారు. ఆ మెంతులు ఈజిప్టు నుంచి వచ్చినవని విచారణలో తేలింది. వాటికి ఏ రసాయన మందూ పట్టించలేదు. మొలకలకు, ఇంట్లో కుండీల్లో పెంచే లేత ఆకుకూరలకు తినే గింజనే కొనాలి. విత్తన దుకాణంలోని గింజ ఏ రకానిదైనా సరే కొనరాదని ఎవరికైనా నేను చెబుతున్నాను.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. మా జిల్లాలో విత్తనం వంటకుండలోకి వెళ్లడానికి తెలియనితనం ఒక్కటే కారణం కాదు, ఆకలి కూడా కారణం. 2001 వర్షాకాలంలో మా జిల్లా కాశీపూర్ బ్లాకులో మామిడి టెంకల జావ తాగి పలువురు చనిపోవడం దేశమంతా తెలిసిన విషయం. బూజు పట్టిన టెంకలని తెలిసి తాగినవారు కారు వాళ్లు, గాదె ఖాళీ అయి తాగినవారు. ఆ నెలల్లో ఇంట్లో మూలన రెండు కిలోల రంగు వడ్లు ఉంటే ఏ తల్లి అయినా వాటిని చూడకుండా ఉండలేదు. అందువల్ల సబ్సిడీ విత్తనాన్ని అదను దాటాక పంచడం ఒట్టి పాలనా లోపం అనుకోవడానికి లేదు. విత్తడానికి పనికిరాని రోజున ఇంటికి చేరిన మందు గింజ వెళ్లే దారులు రెండే, కోళ్ల దగ్గరికి లేదా పొయ్యి మీదికి. వానలు మొదలై పది రోజులు దాటాక విత్తనం లారీ దిగిన సంవత్సరాలు నాకు బాగా గుర్తున్నాయి. అటువంటప్పుడు పంచకుండా గోదాములోనే ఆపివేయడం మేలు.

కాబట్టి రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల వ్యవసాయ అధికారులకు, సరిహద్దుకు అటువైపున ఉన్న పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం జిల్లాల అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. పురుగుమందు సీసాకు ఉన్నట్లే మందు పట్టించిన ప్రతి విత్తనం సంచిలో ఒడియా, తెలుగు కరపత్రం తప్పనిసరి చేయండి. సవర, కుయి మాట్లాడే చదువురాని ఇళ్ల కోసం సంచి మీద అరచేయంత బొమ్మ వేయించండి. వంటకుండ మీద, కోడి మీద, ఆవు మీద అడ్డగీత గీసిన బొమ్మ ఎవరికైనా అర్థమవుతుంది. సగం ప్యాకెట్ సరిపోయే రైతు మొత్తం ప్యాకెట్ కొనవలసి రావడం వల్లనే మిగులు ఏర్పడుతోంది కనుక, కంపెనీలు చిన్న ప్యాకెట్లు కూడా తేవాలి. అర ఎకరం, పావు ఎకరం కమతాలే మా కొండవాలుల్లో ఎక్కువ. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు ఈ సంగతి నేర్పిస్తే అది నేరుగా పొయ్యి దగ్గరికి చేరుతుంది, రైతు శిక్షణ సభల్లో కుర్చీల్లో కూర్చునే మగవాళ్లకు చెప్పి లాభం తక్కువ.

నిబంధనలు వచ్చేలోగా ఇళ్లలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మిగిలిన మందు గింజను చేను గట్టు పక్కన మొలకలు రాని చోట్ల మళ్లీ నాటి మట్టి కప్పాలి, లేదా బావికి, చెరువుకు దూరంగా లోతుగా పాతాలి. విత్తేటప్పుడు చేను మలుపుల్లో ఒలికిన గింజలను కాలితో మట్టిలోకి నెట్టినా పక్షులు బతుకుతాయి. ఖాళీ సంచిని అడ్డంగా చీల్చి పారేయాలి. చీల్చకపోతే అందులోకి రాగులు, చింతపండు చేరతాయి, ఆ చింతపండు సంతకు వెళ్లి ఎవరి పులుసులో పడుతుందో తెలియదు. ఖాళీ సంచిని పొయ్యిలో పెట్టి కాల్చరాదు. ఎవరైనా పొరపాటున తింటే బలవంతంగా వాంతి చేయించకుండా, ఆ ప్యాకెట్‌ను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్లాలి. ఇమిడాక్లోప్రిడ్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు, క్లోర్‌పైరిఫాస్ వంటి మందులకు అట్రోపిన్ ఉంది. ఏ మందు అన్నది ప్యాకెట్ చూస్తేనే వైద్యుడికి తెలుస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117 నంబరులో వైద్యులే కాక ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

నా వంతుగా ఈ సీజను నుంచి ప్రతి కొనుగోలుదారుకూ ప్యాకెట్ చేతికిచ్చే ముందు ఇది తినేది కాదు, కోళ్లకు వేసేది కాదు అని వారి భాషలోనే చెబుతున్నాను. సవర మాట మా కుర్రవాడు నేర్పాడు. దుకాణం ముందు ఒలికిన గింజలను ఇదివరకు వీధిలోకి ఊడ్చేసేవాళ్లం, ఇప్పుడు ఎత్తి విడిగా పోస్తున్నాం. మిగిలిన విత్తనం వెనక్కి తెస్తే తీసుకుంటానని బోర్డు కూడా పెట్టాను. డబ్బు తిరిగి ఇవ్వలేనని ముందే చెప్పాను, అయినా ముప్పై నలభై మంది తెచ్చి ఇచ్చారు. పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలల గడువు దాటితే దాన్ని విత్తనంగా అమ్మే వీలు లేదు, విప్పిన ప్యాకెట్‌ను కంపెనీ వెనక్కి తీసుకోదు, పురపాలక సంఘం చెత్త బండిలో వేస్తే రేపు డంపింగ్ యార్డులో ఆవులు తింటాయి. ఎక్కడ అప్పగించాలని ఒక కార్యాలయంలో అడిగితే అటువంటి ఏర్పాటు ఏదీ లేదన్నారు. గులాబీ, నీలం, ఆకుపచ్చ గింజలు కలిసిన పద్నాలుగు కిలోల సంచి ఒకటి మూతి కుట్టి, తాళం వేసిన గదిలో ఇప్పటికి నా దగ్గరే ఉంది. దాన్ని ఎవరికి అప్పగించాలో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారానైనా తెలియజేస్తే, మరుసటి రోజే స్వయంగా తీసుకువెళ్లి అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక విత్తన వ్యాపారి,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా